గ్వాదలహారాలో రోజువారీ స్పానిష్: ముందు వాళ్ళడిగే ప్రశ్నలు నేర్చుకోండి

స్పానిష్ రానివాళ్ళకి మెక్సికోలోని ఈ గ్వాదలహారాలో అసలు చిక్కు తమ మాట చెప్పడంలో రాదు. అవతలివాళ్ళు తిరిగి అడిగే ప్రశ్న దగ్గర వస్తుంది. "ఒక కాఫీ ఇవ్వండి" అన్న ముక్క యాప్‌లో నేర్చుకుని చక్కగానే అంటారు. కౌంటర్ వెనక అమ్మాయి వెంటనే ఏదో గడగడా అడుగుతుంది. అర్థం కాక నవ్వి "సీ" అనేస్తారు. దేనికి సరేనన్నారో బిల్లు చూశాక తెలుస్తుంది.

మా ఆయన ఉద్యోగం గ్వాదలహారాలో. మేముండేది దాన్ని ఆనుకునే ఉన్న సపోపాన్‌లో. ఆఫీసులో ఆయనకి ఇంగ్లీషు సరిపోతుంది. కూరగాయలు, గ్యాస్, ప్లంబరు, గేటు దగ్గర సెక్యూరిటీ, మందుల షాపు, ఇవన్నీ నా వాటా. కొత్తగా వచ్చిన మనవాళ్ళు "అక్కా, స్పానిష్ ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?" అని అడుగుతుంటారు. క్రియల పట్టికల నుంచి మాత్రం వద్దు. ఏ కౌంటర్ దగ్గరైనా అడిగే ప్రశ్నలు మూడో నాలుగో ఉంటాయి. రోజూ అవే, దాదాపు అదే వరసలో. వాటిని చెవికి అలవాటు చేసుకుంటే ఇంటి పనులు నడిచిపోతాయి. వ్యాకరణం సంగతి తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు.

ముందు ఉచ్చారణ గురించి కొంచెం. ఇది మనకి చాలా తేలిక. అచ్చులు అ, ఎ, ఇ, ఒ, ఉ, అంతే. త, ద అన్నవి మన త, ద లాగే పళ్ళకి తగలాలి. ఇంగ్లీషు అలవాటుతో ట, డ అంటే వాళ్ళకి వింతగా వినిపిస్తుంది. స్పెల్లింగులో హెచ్ ఉంటే అది నోట్లో ఉండదు, అందుకే పలకరింపు "ఓల". జె ఉంటే గొంతులోంచి హ అనాలి. రెండు ఎల్‌లు పక్కపక్కన వస్తే య. బి, వి రెండూ చెవికి ఒకటే. మనకి లేనిదల్లా ఒక్కటి, మాటలో ఏదో ఒకచోట నొక్కి పలకడం. నేనిక్కడ రాసే స్పానిష్ మాటల్లో దీర్ఘం కనిపిస్తే అక్కడ నొక్కాలని అర్థం. పాప అంటే బంగాళాదుంప, పపా అంటే నాన్న. నొక్కు మారితే బజారులో నాన్నని కిలోల్లెక్కన అడిగినట్టవుతుంది.

చిన్న కొట్టు కౌంటర్

వీధి మలుపుల్లో కనిపించే ఓక్సో లాంటి కొట్టులో నాలుగు ప్రశ్నలు వస్తాయి. "ఆల్గొ మాస్?" అంటే ఇంకేమైనా కావాలా అని. అక్కడితో చాలనుకుంటే "సెరీయ తోదొ" అనండి, ఇంతే అని. "బోల్స?" అంటే సంచీ. "ఎఫెక్తీవొ ఒ తర్హేత?" అంటే క్యాషా, కార్డా. చివరి ప్రశ్నే కొత్తవాళ్ళని తికమక పెడుతుంది: "గూస్త రెదొందెయార్?" బిల్లు 47 పేసోల 60 సెంతావోలైతే 48 చేసి, ఆ మిగిలిన చిల్లర విరాళంగా ఇస్తారా అని అడుగుతున్నారు. ఇష్టమైతే "సీ", లేకపోతే "నో, గ్రాసియస్". ఎవరూ ఏమీ అనుకోరు.

500 నోటు ఇచ్చి చిన్న వస్తువు కొంటే "నో త్రాయె కాంబియొ?" అంటారు, చిల్లర లేదా అని. తియాంగిస్‌కి (వీధి సంతకి), బస్సుకి చిల్లర చేతిలో ఉండాలి కాబట్టి పెద్ద నోట్లు సూపర్‌మార్కెట్‌లోనే మార్చుకోవడం మంచిది. అక్కడ కొన్నిచోట్ల చివర్లో సంచీలు సర్దే పెద్దవాళ్ళుంటారు, వాళ్ళకి జీతం ఉండదు, మనమిచ్చే నాణేలే వాళ్ళ రాబడి. ఆ నాణేలు కూడా ముందే తీసి పెట్టుకోండి.

ఫోన్ రీచార్జిని "రెకార్గ" అంటారు. ఏ కంపెనీ, ఎంత అన్నాక నంబరు అడుగుతారు. ఇక్కడ నంబరు పది అంకెలు, గ్వాదలహారా నంబర్లు 33తో మొదలవుతాయి. చాలామంది దాన్ని ఒక్కో అంకెగా కాకుండా రెండేసి కలిపి చెబుతారు: ముప్పై మూడు, పద్నాలుగు, అరవై ఏడు, ఇలా. అందుకే పదివరకు లెక్క వస్తే చాలదు, 99 దాకా తడుముకోకుండా రావాలి. 60 సెసేంత, 70 సెతేంత. ఈ రెండింటి మధ్య తేడా ఒక్క హల్లే. ధరల్లో, ఫోన్ నంబర్లలో ఎక్కువ గొడవ వీటితోనే. వినబడకపోతే "సెసేంత? సెయిస్?" అని ఆరంకె కూడా చెప్పి ఖాయం చేసుకోండి. 500కి మాత్రం "సింకొ" (ఐదు) పోలిక వెతకొద్దు, అది కినియేంతొస్.

పెద్ద షాపులో కార్డు ఇస్తే "ఆ మేసెస్?" అని అడగొచ్చు. నెలవారీ వాయిదాల్లో కడతారా అని. వద్దంటే "నో". "ఫక్తూర?" అంటే పన్ను బిల్లు. సొంత వ్యాపారం లేనివాళ్ళకి సాధారణంగా దానితో పని ఉండదు.

తియాంగిస్

వారానికోరోజు వీధిలో పెట్టే సంత ఇది. భాష నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి బడి నాకు కనబడలేదు. అమ్మేవాళ్ళకి ఓపిక ఉంటుంది, సరుకు కళ్ళ ముందే ఉంటుంది, ఒక ప్రశ్న అర్థం కాకపోతే పక్క బండి దగ్గర మళ్ళీ అదే వినిపిస్తుంది. నాదొక చిట్కా: మీ వంతు రాగానే ముందుకు దూకకండి. ఇద్దరు ముగ్గురిని ముందు వెళ్ళనిచ్చి, వాళ్ళేమడిగారో, వీళ్ళేమన్నారో వినండి. తర్వాత అచ్చం అలాగే అనండి.

దూరం నుంచే "పాసెలె, పాసెలె" అని పిలుస్తారు, రండి రండి అని. ఆడవాళ్ళని "గ్వెరీత" అంటారు. మాట వరసకి తెల్లపిల్లా అనే. మన రంగు చూసి కూడా అంటారు. అది బేరం కోసం పిలిచే పిలుపు, ఎగతాళి కాదు. "కె లె దామొస్?" అంటే ఏమిమ్మంటారు అని. ధర అడగడానికి "ఆ కోమొ?" చాలు. వేలు చూపించి "ఆ కోమొ?" అంటే కిలో ఎంతో చెబుతారు. తర్వాత "ఉన్ కీలొ", "మేదియొ కీలొ" అనండి, అర కిలో. పావు కిలో "ఉన్ క్వార్తొ".

ఎర్ర టమాటాని ఇక్కడ హితొమాతె అంటారు. ఉత్త తొమాతె అంటే పొట్టులో చుట్టి ఉండే పచ్చరకం చేతిలో పెట్టే అవకాశం ఉంది. దాంతో పప్పు చేసినా బాగానే ఉంటుంది కానీ అది వేరే సంగతి. ఉల్లిపాయ సెబోయ, వెల్లుల్లి ఆహొ, అల్లం హెంహీబ్రె, కొత్తిమీర సిలాంత్రొ, జీలకర్ర కొమీనొ, వంకాయ బెరెన్హేన, శనగలు గర్బాన్సొ. చింతపండుకి తమరీందొ అంటే చాలు, ఇక్కడ బోలెడు. ఎండుమిరపకాయల కోసం "చీలె దె ఆర్బొల్" అడగండి. మన వంటకి అదే దగ్గర. ఈ హలీస్కొ రాష్ట్రంలోనే యవలీక అనే ఊరి మిరపకి 2018లో ప్రాంతీయ గుర్తింపు కూడా వచ్చింది.

అవకాడో అమ్మేవాళ్ళది ఒక ముద్దొచ్చే ప్రశ్న: "పార ఓయ్ ఒ పార మఞాన?" ఈరోజుకా, రేపటికా? దాన్ని బట్టి నొక్కి చూసి పండు తీసిస్తారు. ఎల్లుండికి కావాలన్నా వాళ్ళ దగ్గర ఉంటుంది. ఇక మనవాళ్ళందరికీ నచ్చే మాట "పిలోన్". అచ్చంగా మన కొసరు. బాగా తెలిసిన బండి దగ్గర, డబ్బులిచ్చాక, నవ్వుతూ "ఇ మి పిలోన్?" అనండి. ఓ నిమ్మకాయో, కాస్త కొత్తిమీరో పడుతుంది. కొత్త బండి దగ్గర అడిగితే బాగోదు.

తిండి దగ్గర

టాకో బండి దగ్గర ప్రశ్న "కొన్ తోదొ?" అన్నీ వెయ్యనా అని. అన్నీ అంటే ఉల్లిపాయ, కొత్తిమీర. "పార కొమేర్ అకీ ఒ పార యెవార్?" అంటే ఇక్కడే తింటారా, కట్టివ్వాలా. "దె తొమార్?" అంటే తాగడానికేమిటి. తిన్నాక "క్వాంతొ లె దేబొ?" అని అడిగి ఇస్తారు, ఎంతివ్వాలి అని. ఎన్ని తిన్నారో మీరే చెప్పాలి, అక్కడ లెక్క నమ్మకం మీద నడుస్తుంది.

కారం సంగతి అడగడానికి "పీక?" అనండి. పీక పట్టుకుంటుందా అని గుర్తుపెట్టుకుంటే మర్చిపోరు. జవాబు మాత్రం నమ్మకండి. "నో పీక" అని అమాయకంగా చెప్పిన పచ్చడి మన ఆవకాయని మించి ఉండొచ్చు.

శాకాహారులు ఇక్కడ కాస్త ఎక్కువ మాటలు నేర్చుకోక తప్పదు. "సిన్ కార్నె" అంటే మాంసం లేకుండా అనే అర్థం, కానీ చాలామంది లెక్కలో కార్నె అంటే గొడ్డు మాంసం, పంది మాంసం. కోడి వేరు, హామ్ (నిలవచేసిన పంది మాంసం) వేరు. కాబట్టి పూర్తిగా చెప్పాలి: "నో కోమొ కార్నె, ని పోయొ, ని పెస్కాదొ, ని హమోన్." మాంసం తినను, కోడీ తినను, చేపా తినను, హామూ తినను. ఇంతకన్నా విలువైన మాట "యేవ?" అంటే ఇందులో పడుతుందా అని. ఎర్రగా కనిపించే అన్నం చాలాచోట్ల కోడి ఉడికించిన నీళ్ళతో వండుతారు, "యేవ కాల్దొ దె పోయొ?" అని అడగండి. మెత్తగా నూరి వేయించిన చిక్కుడుగింజల్లో పంది కొవ్వు ఉండొచ్చు, దానికి "యేవ మంతేక?" చూడ్డానికి రెండూ శాకాహారమే. అడిగితే దాచకుండా చెబుతారు.

కూర్చుని తినే హోటల్లో బిల్లు దానంతటది రాదు. మనం అడగకుండా తెస్తే లేచి వెళ్ళమన్నట్టు ఉంటుందని వాళ్ళ మర్యాద. "ల క్వేంత, పొర్ ఫవోర్" అనాలి. కార్డు మిషన్ తెచ్చి టిప్పు, అంటే ప్రొపీన, ఎంత వెయ్యమంటారని అడుగుతారు. 10 నుంచి 15 శాతం మామూలు. 10 శాతానికి "దియేస్ పొర్ సియేంతొ". వెళ్ళేటప్పుడు పక్క బల్లవాళ్ళు తింటూ ఉంటే, ముక్కూ మొహం తెలియకపోయినా "ప్రొవేచొ" అనడం ఇక్కడి అలవాటు. నాకు ఈ ఊళ్ళో బాగా నచ్చినవాటిలో ఇదొకటి.

మర్యాద మాటలు

మీరు, నువ్వు తేడా మనకి పుట్టుకతో వచ్చిందే కనుక ఇందులో ఇంగ్లీషువాళ్ళ కన్నా మనం ముందుంటాం. ఉస్తేద్ అంటే మీరు. తూ అంటే నువ్వు (ఇది నోటికి అలవాటయ్యేదాకా ఎవరి మీదో ఉమ్మినట్టే అనిపిస్తుంది). పెద్దవాళ్ళు, పోలీసు, డాక్టరు, పనికొచ్చే మేస్త్రి, వీళ్ళందరికీ ఉస్తేద్. యాప్‌లు మొదటి పాఠం నుంచే తూ నేర్పిస్తాయి, దాన్ని స్నేహితుల వరకే ఉంచండి.

ఎవరైనా పిలిస్తే, లేదా వినబడకపోతే "మాందె?" అనాలి. "ఆఁ, చెప్పండి" అన్నట్టు. "కే?" అంటే "ఏంటీ?" అని కసిరినట్టుంటుంది. మనుషుల మధ్యలోంచి దారి కావాలంటే "కొన్ పెర్మీసొ", ఎవరినైనా ఆపి అడగాలంటే "దిస్కూల్పె". ఎవరైనా ఏదైనా ఇవ్వబోతే ఉత్త "గ్రాసియస్" అంటే వద్దనే అర్థం! కావాలంటే "సీ, గ్రాసియస్" అని స్పష్టంగా అనండి. క్లినిక్‌లోకో చిన్న షాపులోకో అడుగు పెట్టగానే అందరికీ కలిపి పలకరింపు చెప్పాలి: మధ్యాహ్నం 12 దాకా బ్వేనొస్ దీయస్, తర్వాత చీకటిపడేదాకా బ్వేనస్ తార్దెస్, ఆపైన బ్వేనస్ నోచెస్. పలకరించకుండా నేరుగా పని చెబితే మొహాలు బిగుసుకుంటాయి. తప్పంతా భాషదని మనం అనుకుంటాం.

ఇంట్లో ఏదైనా పాడైతే

గేటు ఉన్న కాలనీని ఇక్కడ కోతొ అంటారు, సెక్యూరిటీ గదిని కసేత. ఎవరింటికైనా వెళ్తే "కొన్ క్యేన్ వా?" అంటారు, ఎవరి దగ్గరికి అని. పేరు, ఇంటి నంబరు చెబితే సరిపోతుంది.

ఇంట్లో ఏది పనిచెయ్యకపోయినా దాన్ని చూపించి "నో సీర్వె" అనండి. ఫ్యానైనా, తాళమైనా, వాషింగ్ మెషినైనా ఇదొక్కటే. నీళ్ళు రాకపోతే "నో ఐ ఆగ్వ". కారుతుంటే "ఐ ఊన ఫూగ". కరెంటు పోతే "సె ఫ్వే ల లూస్". మిద్దె మీద ట్యాంకు తినాకొ, నేలలో ఉండేది అల్హీబె, నీళ్ళు వేడిచేసేది బోయ్లెర్, తాగే నీళ్ళ 20 లీటర్ల డబ్బా గర్రఫోన్. యావె అంటే కుళాయి, తాళంచెవి కూడా అదే, కాబట్టి ఫోన్‌లో చెప్పేటప్పుడు "ల యావె దెల్ ఆగ్వ", నీళ్ళ కుళాయి అని విడమరచండి. ప్లంబరు ఇక్కడివాళ్ళ నోట ఫొంతనేరొ. ప్లొమేరొ అన్నా తెలుస్తుంది.

అతనెప్పుడొస్తాడన్నది వేరే పాఠం. "అవొరీత" అంటే ఇప్పుడే అని పుస్తకాల్లో ఉంటుంది. అది రెండు నిమిషాలు కావచ్చు, సాయంత్రం కావచ్చు, అసలు రాకపోవచ్చు కూడా. "ఆల్ రాతొ" అంటే ఈరోజే, కాస్త ఆగి. "ల్వేగొ" అంటే తర్వాతెప్పుడో. అదే "ల్వేగొ ల్వేగొ" అని రెండుసార్లంటే తక్షణమే! ఈ పేచీ లేకుండా "ఆ కె ఓర?" అని గంట అడగండి. "ఆ లస్ క్వాత్రొ" అని నాలుగింటికి ఒప్పుకున్నాక, అదే మాట మెసేజ్‌లో రాసి పంపండి. రాతలో ఉంటే వచ్చే అవకాశం ఎక్కువ. అన్నట్టు, అమ్మడానికొచ్చినవాళ్ళని నొప్పించకుండా పంపడానికి "అవొరీత నో, గ్రాసియస్" బ్రహ్మాండంగా పనిచేస్తుంది.

ఆఫీసుల్లో

తాత్కాలిక నివాస వీసా మీద దిగాక 30 రోజుల్లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో కార్డు కోసం ప్రక్రియ మొదలుపెట్టాలి. ఆ ప్రక్రియని కాంహె అంటారు. అపాయింట్‌మెంటు సీత. ఎక్కడికెళ్ళినా "ఒరిహినాల్ ఇ కోపియ" అంటారు, అసలు కాగితం, నకలు రెండూ. అంతకన్నా ఎక్కువ వినేది "కొంప్రొబాంతె దె దొమిసీలియొ", అడ్రసు రుజువు. రెండు నెలలకోసారి వచ్చే కరెంటు బిల్లే అందరూ చూపించేది. సాధారణంగా మూడు నెలల కన్నా పాతదైతే తీసుకోరు, కాబట్టి బిల్లు కట్టేశాక పారేయకండి. ఆ తర్వాత రెండు నంబర్లు ఊరంతా అడుగుతుంది: మనిషి గుర్తింపు కోసం 18 అక్షరాల కుర్ప్ (CURP), పన్నుల కోసం 13 అక్షరాల ఎరె ఎఫె సె (RFC). రెండూ ఫోన్‌లో భద్రం చేసుకోండి.

మన పేర్లే పెద్ద తంటా. ఇక్కడ ప్రతివాళ్ళకీ రెండు ఇంటిపేర్లుంటాయి, ముందు తండ్రిది, తర్వాత తల్లిది. "ఇ సు సెగూందొ అపెయీదొ?" అని రెండోది అడిగితే, "సోలొ తేంగొ ఉన్ అపెయీదొ" అనండి, నాకు ఒకటే ఉంది అని. మన పాస్‌పోర్టులో ఇంటిపేరు ఏ గడిలో ఉందో అదే ఇవ్వాలి, రెండో గడి ఖాళీగా వదిలించుకోవాలి. పేరు మధ్యలో ముక్కని ఇంటిపేరుగా ఎక్కించేయడం చూస్తుంటాం, సంతకం పెట్టే ముందు స్క్రీన్ చూపించమనండి. అక్షరాలు చెప్పేటప్పుడు బి అయితే "బె గ్రాందె", వి అయితే "బె చీక", పెద్ద బె, చిన్న బె. వెంకటలక్ష్మికి బె చీక కావాలి. జ్యోతి, జగదీశ్ లాంటి పేర్లు క్యూలో "హగదీస్" లాగా వినిపిస్తాయి, మీ పేరు వాళ్ళ నోట ఎలా పలుకుతుందో ముందే తెలుసుకోకపోతే పిలిచినా లేవరు.

ఒంట్లో బాగోకపోతే

చాలా మందుల షాపులకి పక్కనే చిన్న డాక్టరు గది ఉంటుంది. "కె తియేనె?" అంటే ఏమైంది. "దెస్దె క్వాందొ?" అంటే ఎప్పట్నుంచి. నొప్పికి "మె ద్వేలె" అని చోటు చూపించండి. జ్వరం కలెంతూర, జలుబు గ్రీప, దగ్గు తోస్. మందు పడకపోతే "సోయ్ అలేర్హిక" (మగవాళ్ళైతే చివర అలేర్హికొ) అని మొదటే చెప్పండి. షాపులో "త్రాయె రెసేత?" అంటే చీటీ తెచ్చారా. యాంటీబయాటిక్స్‌కి 2010 నుంచి చీటీ తప్పనిసరి, బతిమాలినా ఇవ్వరు. "దె పతేంతె ఒ హెనేరికొ?" అంటే బ్రాండుదా, జనరిక్కా. వాడే విధానంలో రెండు మాటలు తప్పక రావాలి: "కాద ఓచొ ఓరస్", ప్రతి 8 గంటలకి, "ఎన్ అయూనస్", పరగడుపున.

ఇక యాప్‌ల గురించి. మీ యాప్ మెక్సికో స్పానిష్ నేర్పుతోందో, స్పెయిన్‌ది నేర్పుతోందో చూసుకోండి. బంగాళాదుంపకి పతాత, కంప్యూటరుకి ఒర్దెనదోర్, పళ్ళరసానికి సూమొ అని వస్తుంటే అది స్పెయిన్‌ది. ఇక్కడ పాప, కొంపుతదోర, హూగొ. "వొసోత్రొస్" (మీరంతా) పాఠాలు వదిలేయండి, మెక్సికోలో అలా ఎవరూ మాట్లాడరు. అన్నిటికన్నా ముఖ్యంగా "కొహేర్" మర్చిపోండి. స్పెయిన్‌లో బస్సు పట్టుకోవడానికీ, పెన్ను తీసుకోవడానికీ వాడే మామూలు మాట అది, మెక్సికోలో పచ్చి బూతు. బస్సుని ఇక్కడ కమియోన్ అంటారు, ఎక్కడానికి "తొమార్ ఎల్ కమియోన్". ఎక్కేముందు "పాస పొర్...?" అని మీరు దిగాల్సిన చోటు పేరు కలిపి డ్రైవర్ని అడగండి. దిగేచోట బెల్లు మోగకపోతే గట్టిగా "బాహన్!" అని అరవండి. మొహమాటపడితే తర్వాతి స్టాపు దాకా ప్రయాణం తప్పదు.